వారపు కిస్తీ నుండి వాటాల విపణి దాకా

‘వడ్డీ’ అన్న మాట తెలియని తెలుగువారు ఉండరు. సంస్కృతంలోని ‘వృద్ధి’ శబ్దమే ప్రాకృతం మీదుగా మన భాషలో ‘వడ్డి’గా, ‘వడ్డీ’గా స్థిరపడిందని భాషావేత్తలు చెబుతారు. ఉర్దూలో మనం వాడే ‘సూద్’ పారశీక పదం; ఆ భాషలో దానికి లాభమని అర్థం. ఒకటి పెరుగుదల, రెండవది లాభం. రెండూ అప్పు ఇచ్చేవాని గుమ్మంలో పుట్టిన మాటలే తప్ప పుచ్చుకొనేవాని గుమ్మంలో పుట్టినవి కావు. పుచ్చుకొనేవాని గోడు సామెతలలో మాత్రమే చోటు సంపాదించుకొంది.

సాహిత్యం బోధించుకొనే మేము ద్రవ్య వ్యవహారాల జోలికి పోవడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని దినపత్రిక తెరిస్తే చాలు, రిజర్వు బ్యాంకు రెపో రేటు పెంచిందనీ, ఆ వెంటనే షేర్ల ధరలు పడిపోయాయనీ పక్కపక్కనే వార్తలు కనిపిస్తాయి. బ్యాంకులకు పెద్ద అయిన బ్యాంకు రేటు పెంచితే, ఎక్కడో సిమెంటు తయారుచేసే కంపెనీ వాటా ధర ఎందుకు పడాలి? ఆ రెండింటికీ, మన బస్తీలో వారం వారం కిస్తీ కట్టే గృహిణికీ సంబంధం ఏమి? ఈ ప్రశ్నలకు సమాధానాలు గ్రంథాలలో ఉన్నాయి గాని అవి ఎక్కువగా ఆంగ్లంలో, అందునా లండను, న్యూయార్కు ఉదాహరణలతో ఉన్నాయి. మన జిల్లాలలోనే, మన కళ్ళ ముందే జరిగిన ఉదంతం ఒకటి ఉండగా అంత దూరం పోనక్కరలేదని మా అభిప్రాయం. 2010లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తిన సూక్ష్మ ఋణాల సంక్షోభమే ఆ ఉదంతం. దానిని చెప్పుకొనే ముందు కొన్ని మూల విషయాలను తేటపరచుకోవాలి.

మన పల్లెలలో వడ్డీని ఏడాదికి కాక నెలకు, శాతాలలో కాక రూపాయలలో చెప్పుకొనే ఆచారం కలదు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలు, అనగా ఏడాదికి 24 శాతం. ‘పావలా వడ్డీ’ అంటే ఏడాదికి 3 శాతం. 2004లో రాష్ట్ర ప్రభుత్వం మహిళా పొదుపు సంఘాల కోసం ప్రకటించిన పథకానికి ఈ పేరే పెట్టింది. బ్యాంకు వేసే వడ్డీలో 3 శాతానికి పైబడిన భాగాన్ని ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. అక్షరం రాని రైతు కూడా ఈ రూపాయల లెక్కను వేళ్ళ మీద వేయగలడు. దీనిలో మాయకు తావు తక్కువ.

మాయకు తావున్న లెక్క వేరొకటి ఉన్నది. ఒక స్త్రీ పదివేల రూపాయలు అప్పు తీసుకొన్నది అనుకొందాము. వడ్డీ 15 శాతమని చెప్పారు. అసలు 10,000, వడ్డీ 1,500, వెరసి 11,500 రూపాయలను 50 వారాలలో, వారానికి 230 చొప్పున చెల్లించాలి. వినడానికి రూపాయిన్నర వడ్డీ కన్నా తక్కువగానే ఉన్నది. అయితే మొదటి వారం నుండే ప్రతి కిస్తీలోను అసలు 200 రూపాయలు తిరిగి పోతున్నవి. ఇరవై అయిదవ వారానికి సగం అసలు తీరిపోతుంది. అయినా వడ్డీ మాత్రం చివరి వారం దాకా పూర్తి పదివేలకే పడుతుంది! ఆ యాభై వారాలలో ఆమె వద్ద సగటున నిలిచి ఉన్న సొమ్ము 5,100 రూపాయలు. దానికి వడ్డీ 1,500 అంటే 29 శాతం దాటుతున్నది. మన వాడుకలో చెప్పాలంటే ఇంచుమించు రెండున్నర రూపాయల వడ్డీ. తరిగే అసలు మీద వడ్డీ కట్టడం ఒక పద్ధతి, తరగని అసలు మీద కట్టడం మరొక పద్ధతి. మా విద్యార్థులు ఈ వ్యాసంలో ఇంకేమి మరచిపోయినా సరే, ఈ ఒక్క తేడాను మరువరాదని కోరుతున్నాము. ఇంటికి ఫ్రిజ్‌ను, మోటారు సైకిలును వాయిదాల మీద తెచ్చుకొనే ప్రతివారికీ ఇది పనికివస్తుంది.

ఇక బ్యాంకు సంగతి. బ్యాంకు ప్రధానంగా ఇతరుల సొమ్ముతో వ్యాపారం చేసే సంస్థ. డిపాజిట్టుదారుకు తక్కువ వడ్డీ ఇచ్చి, ఋణగ్రహీత వద్ద ఎక్కువ వడ్డీ పుచ్చుకొని, మధ్యనున్న తేడాతో జీతాలు, అద్దెలు, మొండి బాకీల నష్టాలు భరించి, మిగిలినది లాభంగా చూపుతుంది. వచ్చిన డిపాజిట్టులో కొంత భాగాన్ని రిజర్వు బ్యాంకు వద్ద నగదుగా ఉంచాలి, మరి కొంత భాగాన్ని ప్రభుత్వ ఋణపత్రాలలో పెట్టాలి. మిగతాది అప్పుగా ఇవ్వవచ్చు. ఆ అప్పు మరొకరి ఖాతాలోకి చేరి అక్కడ తిరిగి డిపాజిట్టు అవుతుంది, దాని నుండి మళ్ళీ అప్పు పుడుతుంది. ఈ విధంగా ఒక రూపాయి అనేక రూపాయల పని చేస్తుంది. బ్యాంకుకు స్వల్పకాలానికి నగదు చాలకపోతే రిజర్వు బ్యాంకు వద్ద ప్రభుత్వ ఋణపత్రాలు ఉంచి సొమ్ము తెచ్చుకొంటుంది. దానికి చెల్లించే వడ్డీయే రెపో రేటు. ఇది టోకు ధర వంటిది. టోకు ధర పెరిగినప్పుడు చిల్లర ధర పెరగక తప్పదు.

ఈ వ్యాపారంలో మన ప్రాంతానికి మంచి చరిత్రే ఉన్నది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. నిజాం రాజ్యంలో 1941 నాటి శాసనంతో హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఏర్పడి, ఉస్మానియా సిక్కా వ్యవహారాలను కూడా చూసింది. ఈ రెండూ నేడు తమ పేర్లతో లేవు; 2017లో ఒకటి భారతీయ స్టేట్ బ్యాంకులో, 2020లో మరొకటి యూనియన్ బ్యాంకులో లీనమైపోయాయి. గన్‌ఫౌండ్రీ మీదుగా పోయేటప్పుడు పాత పేరే నోటికి వచ్చేవారు మాలో ఇంకా ఉన్నారు. 1969లో 14 బ్యాంకులు, 1980లో ఆంధ్రా బ్యాంకుతో సహా మరి ఆరు జాతీయం అయ్యాయి. బ్యాంకులు ఇచ్చే ఋణాలలో 40 శాతం వ్యవసాయం, చిన్న పరిశ్రమలు, బలహీన వర్గాలు మొదలైన ప్రాధాన్య రంగాలకు పోవాలన్న నిబంధన ఆ తరువాతి సంవత్సరాలలో స్థిరపడింది. ఈ నిబంధన మన కథలో మళ్ళీ ఎదురవుతుంది.

వడ్డీ రేటుకు, మార్కెట్టు ధరలకు గల సంబంధం తక్కెడ వంటిది. ఒక పళ్ళెం లేస్తే రెండవది దిగుతుంది. ఏటా 8 రూపాయలు ఎప్పటికీ ఇస్తూ ఉండే ఋణపత్రాన్ని నూరు రూపాయలకు కొన్నాము. కొంతకాలానికి వడ్డీ రేటు 10 శాతమైంది. ఇప్పుడు నూరు రూపాయలు పెడితే కొత్త పత్రం మీద 10 రూపాయలు వస్తుండగా, 8 రూపాయలిచ్చే మన పాత పత్రాన్ని నూరు రూపాయలకు ఎవరు కొంటారు? 80 రూపాయలకయితే కొంటారు, ఎందుకంటే 80కి 8 అంటే పది శాతమే గదా. మన పత్రంలో ఒక్క అక్షరమైనా మారలేదు, ఇచ్చే ప్రభుత్వం దివాలా తీయలేదు. అయినా ఇరవై రూపాయలు ఆవిరైపోయాయి. రేటు తగ్గినప్పుడు ఇదే విధంగా ధర పెరుగుతుంది.

వాటాల విషయంలోను ఇదే సూత్రం, కాని మరింత తీవ్రంగా. వాటా కొన్నవాడు కంపెనీ రాబోయే ఏళ్ళలో సంపాదించే లాభంలో భాగాన్ని కొంటున్నాడు. లాభం రేపటిది, ధర నేటిది. రేపటి రూపాయి నేడు ఎంత విలువ చేస్తుందో నిర్ణయించేది వడ్డీ రేటు. రేటు పెరిగితే రేపటి రూపాయి చిన్నదవుతుంది. కంపెనీ తాను చేసిన అప్పుల మీద ఎక్కువ వడ్డీ కడుతుంది గనుక అసలు లాభమే తగ్గుతుంది. అదీగాక, నిశ్చింతగా బ్యాంకులో వేసుకొంటేనే మంచి వడ్డీ వస్తుండగా షేర్ల జంజాటం ఎందుకని మదుపుదారులు కొందరు తప్పుకొంటారు. మూడు వైపుల నుండి దెబ్బ. ఇందుకు విరుద్ధంగా, రేట్లు తగ్గిన కాలంలో సొమ్ము నిలకడగా ఉండలేక ఎక్కువ ఆదాయం కోసం వెదుకులాడుతూ కొత్త దారులు పడుతుంది. మన కథ అటువంటి కాలంలోనే ముదిరింది.

ఇక్కడ మా కళాశాల వంటి చోట తప్పక వచ్చే ఒక ప్రశ్నను దాటవేయడం భావ్యం కాదు. వడ్డీ నిషిద్ధమని నమ్మే కుటుంబాల నుండి వచ్చిన విద్యార్థులు ‘డిపాజిట్టుకు, వాటాకు తేడా ఏమి?’ అని అడుగుతారు. ధర్మశాస్త్ర నిర్ణయం చేసే అర్హత మాకు లేదు, ఆర్థిక స్వరూపం మాత్రం చెప్పగలము. డిపాజిట్టు అప్పు, బ్యాంకుకు లాభం వచ్చినా నష్టం వచ్చినా చెప్పిన వడ్డీ ఇవ్వవలసిందే. వాటా భాగస్వామ్యం, లాభంలోను నష్టంలోను పాలు ఉంటుంది. ఈ తేడాను మన హైదరాబాదులో లోతుగా చర్చించినవారున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ అర్థశాస్త్ర శాఖకు అధిపతిగా పనిచేసిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940వ దశకంలోనే వడ్డీ సిద్ధాంతాన్ని పరిశీలిస్తూ గ్రంథం వ్రాశారు. రఘురాం రాజన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2008లో వడ్డీ లేని బ్యాంకింగును కూడా అనుమతించాలని సూచించింది. రిజర్వు బ్యాంకు కొన్నాళ్ళు ఆలోచించి, ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించుకొన్నట్లు 2017లో వెల్లడైంది. వడ్డీ వద్దనుకొని బ్యాంకు గడప తొక్కని ఇంటివారు అవసరం వచ్చినప్పుడు బ్యాంకు కన్నా ఎంతో హెచ్చు వడ్డీకి ప్రైవేటు వ్యాపారి వద్ద చేయి చాచవలసి రావడం మాత్రం మాకు బాధాకరంగా తోస్తుంది.

ఇప్పుడు అసలు కథకు వద్దాము.

1992లో నాబార్డు ప్రయోగాత్మకంగా 500 స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే పథకం ప్రారంభించింది. ఆ పథకం మన రాష్ట్రంలో విస్తరించినంతగా మరెక్కడా విస్తరించలేదంటే అతిశయోక్తి కాదు. పదిమంది స్త్రీలు పొదుపు చేసుకొని, ఒకరి కొకరు హామీగా నిలిచి, బ్యాంకు నుండి అప్పు తెచ్చుకొని తీర్చేవారు. ఆడవారు అప్పు ఎగవేయరని లోకానికి ఋజువైంది. ఆ ఋజువును చూచి మరికొందరు రంగంలోకి దిగారు. విక్రం ఆకుల 1997లో స్థాపించిన ఎస్.కె.ఎస్. సంస్థ మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలోని నిరుపేద గ్రామాలలో పని మొదలుపెట్టింది. గుంటూరులో స్పందన, హైదరాబాదులో షేర్ మైక్రోఫిన్ వంటివి పెరిగాయి. మొదట ఇవి ఎక్కువగా విరాళాల మీద నడచిన స్వచ్ఛంద సంస్థలు. బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనుస్ నడపిన గ్రామీణ బ్యాంకు వీటికి ఆదర్శం. అయిదుగురు స్త్రీల జట్టు, వారానికొక సమావేశం, అందరి ఎదుట కిస్తీ చెల్లింపు. ఒకామె కట్టలేకపోతే మిగతా నలుగురు కట్టాలి. ఆస్తి తాకట్టు లేదు, పరువే తాకట్టు.

విరాళాలతో ఎంత దూరం పోగలరు? పెరగాలంటే పెట్టుబడి కావాలి. అందుచేత ఈ సంస్థలు ఒక్కొక్కటే లాభాపేక్ష గల ఫైనాన్సు కంపెనీలుగా మారాయి. ఇక్కడ పైన చెప్పిన 40 శాతం నిబంధన ప్రవేశిస్తుంది. పల్లెపల్లెకూ శాఖ తెరచి వేయి రూపాయల చిల్లర అప్పులు ఇవ్వడం బ్యాంకుకు ఖర్చుతో కూడిన పని. అదే సొమ్మును ఒక సూక్ష్మ ఋణ సంస్థకు మూటగా అప్పు ఇస్తే, అది కూడా ప్రాధాన్య రంగపు ఖాతాలోనే జమ అయ్యేది. ఒక సంతకంతో లక్ష్యం నెరవేరుతుంది! కొన్ని బ్యాంకులు ఈ సంస్థలు ఇచ్చిన అప్పుల పత్రాలనే టోకున కొనుక్కొన్నాయి. డిపాజిట్టుదారుకు ఏడెనిమిది శాతం ఇచ్చిన సొమ్ము, బ్యాంకు చేతి నుండి సంస్థకు పన్నెండు పదమూడు శాతానికి చేరి, సంస్థ చేతి నుండి నారాయణఖేడ్ స్త్రీకి ఇరవై అయిదు, ముప్పయి శాతానికి చేరేది. మధ్య తేడా అంతా లాభం కాదు. గడప గడపకూ తిరిగే ఉద్యోగి జీతం, ప్రయాణం అందులోనే రావాలి. చిన్న అప్పుకు ఖర్చు ఎక్కువన్నది నిజం. కాని ఖర్చులు పోనూ మిగిలినది కూడా తక్కువేమీ కాదని విదేశీ మదుపుదారులు పసిగట్టారు. 2007లో అమెరికాకు చెందిన సెకోయా సంస్థ ఎస్.కె.ఎస్.లో పెట్టుబడి పెట్టింది. అదే సంవత్సరం మెక్సికోలో కాంపర్తామోస్ అనే పేదల బ్యాంకు వాటాలను అమ్మి, పాత వాటాదారులకు అపారమైన లాభం తెచ్చిపెట్టింది.

ఇక వడ్డీ రేట్ల వాతావరణం. 2008లో అమెరికాలో పుట్టిన సంక్షోభం వల్ల వ్యాపారాలు మందగించగా, రిజర్వు బ్యాంకు ఆ అక్టోబరు నుండి 2009 ఏప్రిల్ లోపల రెపో రేటును 9 శాతం నుండి 4.75 శాతానికి దించింది. బ్యాంకుల వద్ద చవక సొమ్ము నిండుగా ఉన్నది, పెద్ద పరిశ్రమలు అప్పులకు రావడం లేదు. నూటికి తొంభై తొమ్మిది మంది తిరిగి చెల్లిస్తారని పేరు పడిన పేద స్త్రీలకు మించిన ఋణగ్రహీతలు ఎవరున్నారు? ఒకే ఊరిలో నాలుగయిదు సంస్థల ఉద్యోగులు తిరగడం మొదలైంది. ఒకరి కిస్తీ కట్టడానికి మరొకరి వద్ద అప్పు. చెల్లింపులు నూటికి నూరు వస్తున్నాయని పట్టికలు చెబుతున్నవి. నిజానికి పట్టికలలో కనిపించేది సంపాదన కాదు, ఒక కంపెనీ సొమ్ము స్త్రీ చేతి మీదుగా మరొక కంపెనీకి పోవడమే. 2006లోనే కృష్ణా జిల్లాలో అధిక వడ్డీ, దౌర్జన్యపు వసూళ్ళ ఫిర్యాదుల మీద అధికారులు కొన్ని సంస్థల శాఖలను మూయించారు. ఆ హెచ్చరిక పెడచెవిన పడింది.

2010 జూలై చివరి వారంలో ఎస్.కె.ఎస్. వాటాలు ప్రజలకు అమ్మకానికి వచ్చాయి. వాటా ధర 985 రూపాయలు. అమ్మిన వాటాలకు పదమూడు రెట్లకు పైగా దరఖాస్తులు పడ్డాయి. సుమారు 1,650 కోట్ల రూపాయలు పోగయ్యాయి. అమ్మిన వాటాలలో సగానికి పైగా కొత్తవి కావు, పాత వాటాదారులు తమ భాగాలను అమ్ముకొన్నవి. అంటే వచ్చిన ధనంలో పెద్ద పాలు పేదల అప్పులకు కాక పాత మదుపుదారుల ఖాతాలకు చేరిందన్నమాట. పేదల వద్ద లాభం గడించి వాటాదారులకు పంచడం ఈ ఉద్యమ లక్ష్యానికే విరుద్ధమని యూనుస్ బహిరంగంగా విమర్శించారు. మార్కెట్టు ఆ మాట వినలేదు. సెప్టెంబరు నాటికి ధర 1,400 దాటింది. వాటా ధర అంత ఎత్తున నిలవాలంటే ఏటేటా అప్పులు అంతకంతకూ పెరుగుతూ ఉండాలి. మా దృష్టిలో ఈ కథకు కీలకం ఇక్కడ ఉన్నది. వాటా కొన్నవాడు ఆశించిన వేగం ఉద్యోగి మీద ఒత్తిడి అయింది, ఉద్యోగి మీద ఒత్తిడి గడప ముందు గట్టి మాట అయింది. బొంబాయిలో ఒక సంఖ్య పెరుగుతున్నకొద్దీ మెదక్‌లో ఒక తలుపు మరి కొంచెం గట్టిగా తట్టబడింది.

ఆ వర్షాకాలంలోనే అప్పుల బాధతో, వసూలుదారుల వేధింపులతో స్త్రీలు ఆత్మహత్యలు చేసుకొన్నారన్న వార్తలు జిల్లా పత్రికలలో వరుసగా వచ్చాయి. సంస్థలు తమ బాధ్యతను నిరాకరించాయి. 2010 అక్టోబరు 15న రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు జారీచేసింది. తరువాత అది చట్టమైంది. ప్రతి సంస్థ జిల్లా అధికారి వద్ద నమోదు కావాలి. వారపు కిస్తీలు పోయి నెల కిస్తీలు రావాలి. వసూలు ఇళ్ళ వద్ద కాక గ్రామ పంచాయతీ కార్యాలయం వద్ద జరగాలి. వడ్డీ మొత్తం అసలును మించరాదు. ఈ చివరి నియమం కొత్తది కాదు. వడ్డీ అసలుకు సమానమైన తరువాత ఇక పెరగరాదనే ‘దాందుపట్’ నియమం మన దేశపు పాత న్యాయంలో ఉన్నదే. మనుమల విషయంలో ‘అసలు కంటే వడ్డీ ముద్దు’ అనుకొనే మనవారు అప్పుల విషయంలో అలా అనుకోలేదని సంతోషించాలి.

చట్టం వచ్చిన కొద్ది వారాలలో వసూళ్ళు కుప్పకూలాయి. కట్టనక్కరలేదని కొందరు నాయకులు చెప్పారు. పొరుగామె కట్టనప్పుడు నేనెందుకు కట్టాలన్న ఆలోచన సహజంగానే పుట్టింది. జట్టు హామీ అనే తాడు కట్టినంత వేగంగానే విప్పుకొంది. నూటికి తొంభై తొమ్మిది వసూలయ్యే చోట పదింట ఒక వంతుకు దరిదాపుగా పడిపోయింది. రాష్ట్రంలో ఏడు వేల కోట్ల రూపాయలకు పైబడిన అప్పులు చిక్కుకొన్నాయి. కష్టంలో నిజంగా ఉన్నవారితో పాటు, కట్టగలిగినవారు కూడా మానుకొన్నారని అంగీకరించడం న్యాయం.

ఇప్పుడు గొలుసు వెనుకకు లాగబడింది. సంస్థలకు సొమ్ము రాలేదు గనుక బ్యాంకులకు కట్టలేదు. బ్యాంకులు బెదిరి ఆంధ్రప్రదేశ్‌లోనే కాదు, దేశమంతటా ఈ సంస్థలకు అప్పులు ఆపివేశాయి. అదే సమయంలో ద్రవ్యోల్బణాన్ని అరికట్టడానికి రిజర్వు బ్యాంకు 2010 మార్చి నుండి 2011 అక్టోబరు వరకు పదమూడు సార్లు రేట్లు పెంచి, రెపోను 8.5 శాతానికి చేర్చింది. చవక సొమ్ము కాలం ముగిసింది. స్పందన, షేర్ మొదలైన సంస్థలు తమ అప్పుల గడువులను మార్చవలసిందిగా బ్యాంకులను వేడుకొని గట్టెక్కాయి. ఎస్.కె.ఎస్. 2011–12లో 1,300 కోట్లకు పైగా నష్టాన్ని చూపింది. 1,400 దాటిన వాటా 2012లో నూరు రూపాయల కన్నా దిగువకు వచ్చింది. 985కు కొన్న చిన్న మదుపుదారులలో మన జంటనగరాల గుమాస్తాలు, ఉపాధ్యాయులు కూడా ఉండకపోరు. వారి నష్టానికి పత్రికలలో పెద్దగా స్థానం దొరకలేదు.

దీని ఫలితం ఎంత దూరం పోయిందో ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశోధించారు. ఆంధ్రప్రదేశ్‌తో ఏ సంబంధమూ లేని ఇతర రాష్ట్రాల జిల్లాలలో, మన రాష్ట్రంలో దెబ్బతిన్న సంస్థలు పనిచేసిన చోట అప్పులు హఠాత్తుగా ఆగిపోగా, అక్కడి దినకూలీల వేతనాలు, కుటుంబాల ఖర్చులు తగ్గాయని 2021లో ప్రచురించిన వ్యాసంలో చూపారు. చిరు వ్యాపారికి అప్పు పుట్టకపోతే ఆమె ఒక కూలీని తగ్గించుకొంటుంది. ఆ కూలీ ఎన్నడూ ఏ సంస్థ వద్దా అప్పు చేసి ఉండకపోవచ్చు. ద్రవ్య విపణి అంటే బొంబాయిలోని భవనం మాత్రమే అనుకొనేవారు ఈ ఒక్క ఫలితాన్ని చూస్తే చాలు.

ఇంతకూ ఈ అప్పులు పేదరికాన్ని తగ్గించాయా? దీనికి సమాధానం మన హైదరాబాదు బస్తీలలోనే వెదికారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మొదలైనవారు 104 బస్తీలను ఎంచుకొని, వాటిలో 52 బస్తీలలో మాత్రమే 2006 ప్రాంతంలో స్పందన సంస్థ ముందుగా శాఖలు తెరిచేట్లు ఏర్పాటు చేసి, రెండు వర్గాలనూ పోల్చి చూశారు. అప్పులు దొరికిన చోట చిన్న వ్యాపారాలలో పెట్టుబడి పెరిగింది. కొందరు మన్నికైన వస్తువులు కొనుక్కొన్నారు. కాని సగటు కుటుంబ వినియోగంలో గాని, పిల్లల చదువులో గాని, ఆరోగ్యంలో గాని, స్త్రీల నిర్ణయాధికారంలో గాని చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అద్భుతమూ కాదు, సర్వనాశనమూ కాదు. 2019లో నోబెల్ బహుమానం పొందిన ఈ పండితుల నిదానమైన మాట, అప్పట్లో రెండు పక్షాలవారూ చేసిన ఉపన్యాసాల కన్నా మాకు ఎక్కువ నచ్చింది.

సంక్షోభం తరువాత రిజర్వు బ్యాంకు మాలెగాం సంఘాన్ని వేసింది. 2011 జనవరిలో వచ్చిన ఆ నివేదిక మీద, సంస్థ తాను తెచ్చుకొన్న వడ్డీ మీద 12 శాతానికి మించి కలుపుకోరాదని, ఋణగ్రహీతకు 26 శాతం దాటరాదని మొదట పరిమితులు వచ్చాయి. ఒకే స్త్రీకి రెండు సంస్థలకు మించి అప్పు ఇవ్వరాదన్నారు. సంస్థలు కూడా రూపాలు మార్చుకొన్నాయి. ఎస్.కె.ఎస్. 2016లో పేరు మార్చుకొని, 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. 2015లో చిన్న ఫైనాన్సు బ్యాంకులుగా అనుమతి పొందిన పదింటిలో ఎనిమిది పూర్వం సూక్ష్మ ఋణ సంస్థలే. ఒకనాడు బ్యాంకుల ముందు చేతులు జోడించిన స్పందన 2019లో తన వాటాలను ప్రజలకు అమ్మకానికి పెట్టింది, అవి అమ్ముడుపోయాయి కూడా. మార్కెట్టుకు జ్ఞాపకశక్తి తక్కువ అనుకోవాలో, క్షమాగుణం ఎక్కువ అనుకోవాలో చదువరులే తేల్చుకోవాలి.

2022 ఏప్రిల్ నుండి రిజర్వు బ్యాంకు కొత్త నియమాలు అమలులోకి తెచ్చింది. పాత వడ్డీ పరిమితి తొలగిపోయింది; అయితే రేటు దోపిడీ స్థాయిలో ఉండరాదని, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం గల కుటుంబం అన్ని అప్పులకూ కలిపి నెలకు కట్టే సొమ్ము ఆ నెల ఆదాయంలో సగం మించరాదని విధించారు. 2010 నాటి రాష్ట్ర చట్టం రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలోని కంపెనీలకు వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. దానితో పన్నెండేళ్ళుగా ఈ ప్రాంతానికి దూరంగా ఉన్న సంస్థలకు దారి తెరచుకొంది. కొత్త నియమాల ప్రకారం అప్పు ఇచ్చే ప్రతి సంస్థ ధరల వివరాలన్నీ ఒక నమూనా పత్రంలో వ్రాసి ఇవ్వాలి, ఋణగ్రహీత చేతికిచ్చే కార్డు ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలి. వార్షిక వడ్డీ తరిగే అసలు మీద ఎంత, ప్రాసెసింగ్ రుసుము ఎంత, బీమాకు పట్టుకొన్నది ఎంత, మొత్తం కట్టవలసినది ఎంత అన్నవి ఆ పత్రంలో వేరు వేరు వరుసలలో ఉంటాయి. ‘ఎంత శాతం?’ అన్న ప్రశ్నకు సమాధానం ఆ పత్రంలోనే దొరుకుతుంది. ఏజెంటు నోటి మాటలో చెప్పిన సంఖ్య దానితో కలవకపోతే, సంతకం పెట్టక ముందే అడగవచ్చు.